నీలం గౌనుకు పసుపు లైనింగ్

ఎడమ అరచేత్తో నీలం గుడ్డను బల్లకు అదిమిపట్టి, సుద్దగీత వెంట కత్తెర నడిపిస్తోంది ఆమె. పెదవుల మధ్య గుండుసూదులు వరసగా మెరుస్తున్నాయి. గీత వంపు తిరిగిన చోట ఆమె కత్తెరను తిప్పదు, గుడ్డను తిప్పుతుంది. ఎవరో నేర్పిన పద్ధతి కాదు. చాలా గుడ్డలు పాడుచేసుకున్నాక చేతికి పట్టుబడింది. పక్కనే ఎవరింటి కర్టెన్లలోనో మిగిలిన పసుపు గుడ్డ, ఆకుల అచ్చుతో, లైనింగ్ కోసం మడతపెట్టి ఉంది. కోస్తున్నది చిన్న గౌను. ఐదేళ్ల పిల్లకు సరిపోయేది.

కిటికీ అవతల, టీ కొట్టు ముందు నిలబడ్డవాళ్లు ఆ గౌనునే చూస్తున్నారు.

"కూతురు కనబడకుండా పోయి ఇన్ని రోజులైంది. తల్లి చూడు, మిషన్ ముందు ఎలా కూర్చుందో."

"అది కూడా చిన్నపిల్ల గౌనే. ఎవరికంటావ్?"

"అదే మరి. పిల్ల ఎక్కడుందో తెలియని మనిషి పిల్లకి కొత్త గౌను కుడుతుందా?"

టీ కొట్టాయన గ్లాసులు కడుగుతూ, "నేనేం అనడం లేదు గానీ..." అన్నాడు. ఆయన ఏ మాటైనా అలాగే మొదలుపెడతాడు. ఆ తర్వాత అన్నీ అంటాడు.

ఆమెకు అంతా వినబడుతూనే ఉంది. నోట్లో సూదులుండగా మాట్లాడితే ఏదో ఒకటి గొంతులోకి పోతుందని భయం, అందుకని పనిలో ఉన్నంతసేపూ ఎవరేమన్నా పలకదు. ఇదివరకు వీధిలో దాన్ని పని మీద శ్రద్ధ అనేవారు. ఇప్పుడు "నోరు విప్పదు చూడు" అంటున్నారు.

ఆ వీధిలో అందరికీ ఆమె మిషనక్క. పెళ్లికి ముందు ఒక లాండ్రీలో ఇస్త్రీ పని చేసేది. చిరిగిన బట్టలకు అతుకులు వెయ్యడానికి అక్కడ ఒక మూల పాత మిషన్ ఉండేది. దాన్ని నడిపే ముసలాయన పని మానేశాక ఎవరూ ముట్టుకోకపోతే ఈమె ముట్టుకుంది. కుట్టడం కన్నా ముందు విప్పడం నేర్చుకుంది. పనికిరాని చొక్కా ఏదైనా దొరికితే కుట్టు కుట్టూ విప్పి, ముక్కలన్నీ పరుచుకుని, కుట్టినవాడు దేని తర్వాత ఏది చేశాడో వెనక నుంచి ముందుకు వెతుక్కునేది. పెళ్లయి ఈ ఇంటికొచ్చాక వెలుతురు కోసం మిషన్‌ను వీధి కిటికీ దగ్గర వేయించుకుంది. ఆ వెలుతురుతో పాటు వీధి కళ్లు కూడా లోపలికి వస్తాయని అప్పుడు తోచలేదు.

భర్త కిటికీలకు అద్దాలు బిగించే పనివాడు. అత్తగారు గుండీలు, కాజాలు చూసుకుంటుంది. చూపు ఆనదని ఏ రంగు గుండీకైనా నల్లదారమే వాడుతుంది. అదేంటత్తయ్యా అంటే, "కనబడని దారంతో ఎలా కుట్టేదే?" అంటుంది. కోడలు ఆవిడ చూడనప్పుడు వాటిని విప్పి సరైన దారంతో మళ్లీ కుడుతుంది. ఈ సంగతి అత్తగారికి తెలుసని కోడలికీ తెలుసు. కూతురు మాత్రం నేల మీద నడవగా ఎవరూ చూడలేదు, గెంతడమే. అందుకే ఇంట్లో దానికి మిడత అని పేరు.

పిల్ల కనబడకుండా పోయిన రోజు పొద్దున మిడత సుద్దముక్క పట్టుకుని, కోసి సిద్ధంగా పెట్టిన ఎవరిదో కోటు గుడ్డ మీద పిల్లి బొమ్మ వేసింది. కోటు సాయంత్రానికల్లా ఇవ్వాలి. ఆమె గట్టిగా అరిచింది, చేతి మీద ఒకటి వేసింది కూడా. మిడత ఏడవలేదు. అలిగితే అది ఏడవదు, మాట్లాడదు. మూతి బిగించుకుని లోపలి గదిలోకి పోయింది. ఆమె సుద్ద దులిపే పనిలో పడింది. భోజనానికి పిలిస్తే పలకలేదు. ఇంకా అలకే అనుకుంది. తీరా లోపలికి వెళ్లి చూస్తే అత్తగారు నిద్రపోతోంది, పెరటి తలుపు బార్లా తీసి ఉంది, పిల్ల లేదు.

మొదటి రోజు వీధంతా కలిసి వెతికింది. ఈ టీ కొట్టాయనే కొట్టు మూసేసి, వీధి చివర బస్టాండులో ఆగిన ప్రతి బస్సూ ఎక్కి దిగాడు. అది చెప్పకపోతే తప్పు. పిల్ల దొరికేదాకా మనుషులు వెతుకుతారు. దొరక్కపోతే వెతకడం ఆపలేక, పిల్లను వదిలేసి కారణాన్ని వెతకడం మొదలుపెడతారు.

ఆ సాయంత్రం స్టేషన్ నుంచి పోలీసామె వచ్చింది. నెమ్మదస్తురాలు. ఏ బట్టలు వేసుకుందని అడిగితే, పొద్దున తానే తొడిగిన నీలం గౌను సంగతి చెప్పింది తల్లి. "ఇంట్లో గొడవేమైనా జరిగిందా? పిల్లని తిట్టడం, కొట్టడం లాంటివి?" అని తర్వాతి ప్రశ్న. ఆమె నోరు తెరిచేలోపే అత్తగారు అందుకుంది.

"అబ్బే, గొడవేంటమ్మా! నవ్వుతూ తుళ్లుతూ ఆడుకుంటోంది."

పోలీసామె వెళ్లాక గుమ్మం వెనక అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుంది. "తల్లి కొట్టిందని తెలిసిందంటే ఇక పిల్లని వెతకడం మానేసి నిన్ను తవ్వుతారే. ఆ మాట ఎవరితోనూ అనకు. మావాడితో కూడా."

ఆమె అనలేదు. మర్నాటి నుంచి ఊరంతా ఏకమై నీలం గౌను కోసం వెతికింది. గోడల మీద కాగితాలు, మైకులో ప్రకటన, అన్నిటా నీలం గౌను. ఫొటో మాత్రం పాతది. అందులో మిడత బొద్దుగా, జుట్టు పెద్దగా, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ ఉంటుంది.

ఆ తర్వాత మాటలు మొదలయ్యాయి.

అద్దాల పనివాడి చేతులకు ఎప్పుడూ గాట్లే. ఇన్నేళ్లూ ఎవరి కంటా పడని గాట్లు ఇప్పుడు అందరి కంటా పడ్డాయి. "తాజాగా ఉన్నాయి చూశావా?" అన్నారు. కోటు గుడ్డ ఇచ్చినావిడ వచ్చి, కుట్టక్కర్లేదు, ముక్కలుగానే ఇచ్చెయ్యమంది. దాని మీద పిల్లి బొమ్మ చెదిరిన గుర్తు చూసి, "ఇదేంటి?" అంది. ఆమె ముక్కలు మడిచి చేతికిచ్చింది. ఆవిడ ఆ గుర్తు గురించి కూడా వీధిలో చెప్పింది.

పక్క వీధిలో సెల్‌ఫోన్ కవర్లు అమ్మే ఒకాయన ఉన్నాడు. పిల్లలున్నవాడు, నెత్తిన సగం జుట్టు నెరిసినవాడు. ఎక్కడ నలుగురు పోగైనా ఫోను పైకెత్తి లైవ్ పెడతాడని ఆయనకు లైవ్ అనే పేరు స్థిరపడింది. రోజూ వచ్చి కిటికీ ఎదురుగా నిలబడేవాడు.

"మిత్రులారా, మనం అదే ఇంటి ముందున్నాం. ఆవిడ మొహంలో ఎక్కడైనా బాధ కనిపిస్తోందా? మీరే చూసి చెప్పండి."

అత్తగారు చెంబుడు నీళ్లు తెచ్చి కిటికీలోంచి విసిరింది. "నీ ఫోను నూతిలో పడ! నీ ఇంటి ముందుకొచ్చి నీ మొహం తియ్యనా? బాధ ఎంతుందో తూకం వేద్దాం!"

అది కూడా లైవ్‌లో వెళ్లింది. "కోపం చూశారా మిత్రులారా" అన్నాడు, షర్టు దులుపుకుంటూ.

బయటి మాట బయటే ఉంటే ఒక ఎత్తు. అది ఇంట్లోకి కూడా వచ్చింది. రోజూ బస్టాండ్లన్నీ తిరిగొచ్చే భర్త, ఒక సాయంత్రం చేతులు కడుక్కుంటూ, ఆమె వైపు చూడకుండా అన్నాడు.

"ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఆ రోజు దాని మీద చెయ్యి చేసుకున్నావా?"

"వీధిలోవాళ్లు అడగమన్నారా?"

"నేనే అడుగుతున్నాను."

"నేనూ అడగనా మరి? ఆ మధ్యాహ్నం మీరు పనిలో లేరట. మీ మేస్త్రీ టీ కొట్టులో అన్నాడట."

"అద్దం కోసుకురావడానికి వెళ్లాను. నన్నే అనుమానిస్తున్నావా?"

"మీరు మొదలుపెట్టారు."

కొళాయి కట్టెయ్యడం ఇద్దరూ మర్చిపోతే అత్తగారు వచ్చి కట్టేసింది.

తర్వాత పోలీసామె మళ్లీ వచ్చింది. కళ్ల కింద నలుపు. "ఊరూరి నుంచి ఫోన్లమ్మా. ఒకరు ఎర్రగౌను అంటారు, ఒకరు పసుపు అంటారు, ఇంకొకరు తీరా చూస్తే మగపిల్లాడంటారు. నీలమేనా అని అడగ్గానే సగం తేలిపోతాయి. కానీ నీలంలో ఎన్ని నీలాలు! ఆ గౌను గుడ్డ ముక్క ఏదైనా మిగిలుంటే ఇస్తావా?"

ముక్క ఉంది. కానీ ఆమెకు ముక్క ఇవ్వబుద్ధి కాలేదు. ముక్క చేత్తో పట్టుకున్నవాడికి గుడ్డ తెలుస్తుంది గాని పిల్ల ఎంత ఉంటుందో తెలియదు. గౌను చూస్తే భుజాల వెడల్పు తెలుస్తుంది, పొడవు తెలుస్తుంది, లోపల ఒక పిల్ల ఉంటుందని తెలుస్తుంది. "గౌనే కుట్టి తెస్తాను మేడమ్" అంది.

అదీ ఆ గౌను సంగతి. కిటికీ అవతలివాళ్లు ఎవరికి, ఎవరికి అని జుట్టు పీక్కుంటున్న గౌను.

కోత అయ్యాక లైనింగ్ కూడా కోసింది. చూపించడానికి లైనింగ్ అక్కర్లేదు. కానీ ఆ నీలం గుడ్డ గరుకు, ఒట్టిగా వేస్తే పిల్లకు దద్దుర్లు లేస్తాయి. లైనింగ్ లేకుండా దాని గౌను ఏదీ ఆమె చేతిలోంచి రాలేదు. నీలం, పసుపు ముఖాలు ఎదురెదురుగా పెట్టి కుట్టింది. ఇలా కుట్టిన గౌను తయారీలో తిరగబడి ఉంటుంది. అడుగున వదిలిన సందులో చెయ్యి పెట్టి మొత్తం బయటికి లాగాలి. అప్పుడు కుట్లన్నీ రెండు గుడ్డల మధ్య దాక్కుంటాయి, లోపలా బయటా ఒకేలా నున్నగా ఉంటుంది.

సందులో చెయ్యి పెట్టి లాగింది. భుజాలు వచ్చాయి, మెడ వచ్చింది. గౌను పూర్తిగా బయటికొచ్చింది, పసుపు పైకి ఉండేలా.

అలవాటు ప్రకారం వెంటనే తిప్పబోయింది. చేతులు ఆగిపోయాయి.

మిడత అలిగినప్పుడల్లా చేసే పని అదే. గౌను విప్పి, తిప్పి, పసుపు పైకి వేసుకుని తిరుగుతుంది. నీ నీలం నాకొద్దు అన్నట్టు. చూసిన ప్రతిసారీ ఆమె పట్టుకుని సరిచేసేది. "లోపలిది బయటేసుకుని తిరిగితే నా కుట్టు పరువేం కాను?" అనేది. కుట్టేవాళ్ల కంటికి గౌనుకు ఒకటే ముఖం. లైనింగ్ లైనింగే, దానికి లెక్కలేదు. పోలీసామె గౌను రంగు అడిగితే, తాను కుట్టిన ముఖం రంగు చెప్పింది.

పెదవుల మధ్య సూదులన్నీ తీసి బల్ల మీద పెట్టింది.

"అత్తయ్యా. ఆ రోజు నేను కొట్టాక మీ దగ్గరికి వచ్చిందా?"

అత్తగారు గుండీల డబ్బాలో ఏదో వెతుకుతున్నట్టు తల దించుకుంది.

"వచ్చిందా?"

"వచ్చింది."

"ఏ రంగు పైకేసుకుంది?"

ఆవిడ ముసలి వేళ్లు డబ్బాలో ఊరికే తిరిగాయి. "పసుపు. ఇటువైపు గుండీ లేదు నానమ్మా, మెడ వెనక జారిపోతోంది అంది. నా పాత స్వెటర్‌ది ఎర్ర గుండీ ఊడదీసి కుట్టాను. కాసేపు నా పక్కన పడుకుంది. నాకు నిద్ర పట్టేసిందే."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"నన్ను రంగెవరడిగారు? నిన్నడిగారు, నువ్వు చెప్పావు." ఆవిడ డబ్బా మూత పెట్టేసింది. "తర్వాత మైకులో నీలం నీలం అంటుంటే ప్రాణం కొట్టుకుంది. మళ్లీ తిప్పేసుకుందేమో అనుకున్నాను. పసుపంటే ఎందుకు తిప్పుకుందంటారు. అలిగిందంటే ఎందుకలిగిందంటారు. అలకే లేదని పోలీసామె మొహం మీద చెప్పాను కదే. ఇక పసుపు ఎక్కడి నుంచి తెచ్చేది? నువ్వు జైలుకి పోతే ఈ ఇల్లేమైపోను?"

ఆమె అడుగున వదిలిన సందును చేతికుట్టుతో మూసింది. కుట్టు వంకర పోలేదు. నీలం వైపు నీలం గుండీ తనే వేసింది. పసుపు వైపు మెడ ఖాళీగా ఉంది.

"ఆ ఎర్ర గుండీలు ఇంకా ఉన్నాయా?"

"ఉన్నాయి."

"సూదీ దారం తీసుకుని రండి. దారిలో చెప్పులు తెగినా ఆగేది లేదు."

తలుపు తీసేసరికి వీధి అంతా ఇటు తిరిగింది. ఆమె చేతిలో పసుపు గౌను, వెనక గుండీల డబ్బా గుండెలకు హత్తుకున్న అత్తగారు. లైవ్ పరుగున వచ్చాడు, ఫోను ముందు, మనిషి వెనక.

"అమ్మా, ఆ గౌను ఎవరికి? ఎక్కడికి తీసుకెళ్తున్నారు? ప్రజలకు జవాబు..."

ఎప్పుడూ తప్పుకుపోయే మనిషి ఈసారి ఆగింది. అప్పుడే వీధి మలుపు తిరిగి సైకిల్ దిగుతున్న భర్త కూడా ఆమెకు కనిపించాడు.

"దగ్గరికి రా. సరిగ్గా తియ్యి" అంది. "కదలకుండా పట్టుకో ఆ ఫోను. ఇది మా మిడత ఆ రోజు వేసుకున్న గౌనుకు జత. ఇటు నీలం. ఇటు పసుపు, ఆకుల అచ్చు. మీరంతా వెతకాల్సింది పసుపు. నీలం కాదు. నీలం అని తప్పు చెప్పింది నేను."

"తప్పెందుకు చెప్పారు? ఏం దాచడానికి?" ఎవరో వెనక నుంచి అన్నారు.

"అది అలిగితే గౌను తిప్పేసుకుంటుంది. ఆ పొద్దున నేను తిట్టాను. చేతి మీద కొట్టాను." ఆమె ఫోను వదిలి భర్త వైపు చూసింది. "మీరడిగారుగా. అవును, కొట్టాను."

వీధి నోళ్లన్నీ ఒక్కసారిగా తెరుచుకున్నాయి.

"విన్నారా, ఒప్పుకుంది!"

"నేను మొదటి రోజే అన్నాను, తల్లి చేతిలోనే ఉందని."

"ఇవాళ చేతి మీద అంది. రేపు ఇంకెక్కడంటుందో."

టీ కొట్టాయన "నేనేం అనడం లేదు గానీ..." అని మొదలుపెట్టి, ఆ పసుపు గౌను వైపు చూసి, ఆ రోజు తానెక్కి దిగిన బస్సుల్లో పసుపు రంగేదైనా కనిపించిందా అని గుర్తుచేసుకుంటున్నట్టు ఆగిపోయాడు. ఈసారి నిజంగానే ఏమీ అనలేదు.

భర్త సైకిల్ గోడకు ఆనించి వచ్చాడు. ఆ మొహంలో ఏముందో ఆమెకూ తెలియలేదు; కోపమే అయ్యుండొచ్చు. తన తల్లి చెయ్యి పట్టుకుని, "నడవండి" అన్నాడు, ముగ్గురికీ కలిపి.

స్టేషన్లో పోలీసామె మొత్తం విన్నది. తిట్టడం, కొట్టడం, అలక, నిద్ర, పెరటి తలుపు. మధ్యలో ఒక్కసారే, "ఇదంతా మొదటి రోజే ఎందుకు చెప్పలేదు?" అంది. అత్తగారు నోరు తెరవబోతే ఆమె అడ్డుపడింది. "మమ్మల్నే అనుమానిస్తారని మేడమ్."

"చెప్పకపోతే అనుమానించలేదా?" పోలీసామె ముగ్గురినీ ఒక్కొక్కరినే చూసింది. అందులో నమ్మకం లేదు. "అలిగినప్పుడు ఎవరితోనూ మాట్లాడదన్నావు. పేరడిగినా చెప్పదా?"

"అసలు చెప్పదు. మేము ఒళ్లోకి తీసుకునేదాకా మూతి విప్పదు."

పోలీసామె గౌనును బల్ల మీద పసుపు పైకి పెట్టి కాసేపు చూసింది. తర్వాత ఫోను అందుకుంది. "చాలా దూరంలో తప్పిపోయిన పిల్లల్ని చూసుకునే ఇల్లు ఒకటుంది. అక్కడి ఆయా రెండుసార్లు చేసింది. బస్సులో దొరికిన పిల్ల, మాట్లాడదు, పసుపు గౌను అని. మా పిల్ల నీలం, గలగలా మాట్లాడుతుంది అని నేనే పెట్టేశాను." నంబరు నొక్కుతూ, రెండో చేతి వేలు పైకెత్తి అందర్నీ హెచ్చరించింది. "ఒక్కరూ మాట్లాడొద్దు. మీరు అందించిన మాట నాకక్కర్లేదు."

అత్తగారు బెంచీ మీద కూర్చుని, గౌను ఒళ్లో పెట్టుకుని, సూదికి దారం ఎక్కించబోతే ఎక్కలేదు. కొడుకు తీసుకుని ఎక్కించి ఇచ్చాడు. ఆవిడ పసుపు వైపు మెడ వెనక ఎర్ర గుండీ పెట్టి కుట్టడం మొదలుపెట్టింది.

"ఆ, నేనేనమ్మా, మొన్న మాట్లాడినదాన్ని. ఆ పాప వచ్చినప్పటి గౌను మీ దగ్గరుందా? విప్పనివ్వడం లేదా?... సరే, సరే. మెడ వెనక చూడండి. ఏముంది?" వింటోంది. పోలీసామె మొహంలో ఏమీ కదల్లేదు. "గుండీనా. ఏ రంగు?... ఏ దారంతో కుట్టుంది? సరిగ్గా చూసి చెప్పండి. నేను ఆగుతాను."

ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి, తల ఇటు తిప్పింది. "మీరు ఏ దారం వాడారమ్మా?"

అత్తగారు సూది పైకెత్తి చూపించింది. ఎర్ర గుండీలోంచి సూదిదాకా నల్లదారం సాగి ఉంది.

పోలీసామె ఆ దారాన్నే చూస్తూ ఫోనులో అవతలి మాట విన్నది. తర్వాత చాలా నెమ్మదిగా, "ఆ పాపని అక్కణ్ణుంచి కదిలించకండి. మేము బయల్దేరుతున్నాం" అంది. భర్త అప్పటికే గుమ్మం దాకా నడిచాడు.

"ఈ గౌను నాతో రావాలి" అంది పోలీసామె చెయ్యి చాపి. "అక్కడున్నదానితో పక్కపక్కన పెట్టి చూడాలి."

"ఒక్క నిమిషం మేడమ్" అంది తల్లి. అత్తగారి ఒళ్లోంచి గౌను తీసుకుని, గుండీ వెనక దారానికి ముడివేసి, కొస పళ్లతో కొరికింది. ఆ నల్లదారాన్ని విప్పి మార్చాలని ఆమె చేతికి తోచలేదు. గుండీ ఒకసారి లాగి చూసింది, గట్టిగా ఉంది. పసుపు పైకి ఉండేలా మడతపెట్టి, మడత మీద అరచేత్తో ఒకసారి నిమిరి, రెండు చేతులా పోలీసామెకు అందించింది.